చాబీ ఉన్న మొదటి గది



ఈసారి మన తవారీఖ్ కబుర్లు కుతుబ్‌షాహీల దగ్గరికో, ఆసఫ్‌జాహీల దగ్గరికో పోవడం లేదు. జపాన్ దాకా పోతున్నాయి. కారణం మా చిన్నోడు.

పోయిన నెల ఓ రాత్రి ఖానా అయ్యాక దస్తర్‌ఖాన్ ఎత్తేస్తున్నాం. వాడి స్కూల్ బ్యాగు సర్దుతున్న వాళ్ల అమ్మీకి జామెట్రీ బాక్సులో నాలుగు మడతలు పెట్టిన కాగితం దొరికింది. ఎనిమిదో తరగతి లెక్కల పేపరు. 50కి 11. వాడేమో గోడకి ఆనుకుని ఫోన్‌లో ఆట ఆడుకుంటున్నాడు. నాకు గుస్సా ఆగలేదు. ఫోన్ లాక్కున్నాను.

"ఇమ్తిహాన్‌లో 11 తెచ్చుకున్నోడివి, నీకు ఆటలు కావాల్సొచ్చాయా?" అన్నాను.

వాడు తల దించుకున్నాడు. కాసేపాగి మెల్లగా అన్నాడు: "అబ్బాజాన్, ఈ ఆటలో చచ్చిపోతే సగం డబ్బులు పోతాయి. కానీ అప్పటిదాకా నేర్చుకున్నది పోదు. మళ్లీ లేచి ఆడొచ్చు. లెక్కల క్లాసులో అట్లా ఉండదు."

నేనేం జవాబివ్వలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని మిద్దె మీదికి పోయాను. ఆ ఆట తెరిచి చూశాను. నెత్తిన కొమ్ములున్న టోపీతో ఓ చిన్న సిపాయి. ఎదురుగా తఖ్తు మీద ఓ బాద్షా. ఆట పేరు డ్రాగన్ క్వెస్ట్. అసలుది 1986 మే 27న జపాన్‌లో విడుదలైంది. అంటే నేను మదర్సా అరుగు మీద తఖ్తీ మీద అలిఫ్ బే దిద్దుతున్న రోజుల నాటిది. అఖ్బార్ నౌకరీ చేసేవాడికి ఒక రోగం ఉంటుంది. దేన్నయినా చూస్తే, ఇది ఎక్కడ పుట్టింది, ఎవరు చేశారు అని తవ్వకపోతే నిద్ర పట్టదు. అట్లా తవ్వితే దొరికిన కహానీ ఇది.

ముందు ఆ జమానా సంగతి చెప్పాలి. 1983 జులైలో నింటెండో కంపెనీ జపాన్‌లో ఫ్యామిలీ కంప్యూటర్ అనే డబ్బాను బజారులోకి తెచ్చింది. ధర 14,800 యెన్‌లు. టీవీకి తగిలించి, క్యాసెట్ గుచ్చి ఆడుకోవడమే. జపాన్ పిల్లలు దాన్ని ముద్దుగా 'ఫామికామ్' అన్నారు. మన దగ్గర తొంభైలలో 'టీవీ గేమ్' పేరుతో గంటకింత అని కిరాయికి దొరికిన డబ్బాలు చాలావరకు దాని నకళ్లే. కర్నూలులో మా మొహల్లా చివర ఓ దుకాణం ఉండేది. మేం అక్కడ నిలబడి మారియో, కాంట్రా ఆడాం. గెంతడం, కాల్చడం. వేళ్లు చురుగ్గా ఉంటే చాలు, చదువుతో పని లేదు. డ్రాగన్ క్వెస్ట్ లాంటిది మా కంట పడలేదు. పడినా లాభం లేదు. అది చదువుతూ ఆడాల్సిన ఆట. రోజుల తరబడి సాగేది. గంట కిరాయిలో అది ఇమడదు.

అలాంటి ఆటలు అప్పటికే అమెరికాలో ఉన్నాయి. 1981లో వచ్చిన విజర్డ్రీ, అల్టిమా అన్న రెండూ పెద్ద పేరున్నవి. మన నానీలు చెప్పే తిలిస్మ్ కహానీలు గుర్తు తెచ్చుకోండి. వీరుడు తిలిస్మ్‌లో అడుగు పెడతాడు, జాదూగర్లతో తలపడతాడు, ఒక్కో దర్వాజా దాటుకుంటూ పోతాడు. ఈ ఆటల దాస్తాన్ కూడా అదే తీరు. అయితే కహానీలో వీరుడి చేతికి ఓ లౌహ్ దొరుకుతుంది. ఏ దర్వాజా ఎట్లా తెరవాలో ఆ పలక మీద రాసి ఉంటుంది. విజర్డ్రీలో అలాంటి లౌహ్ ఏదీ లేదు. భూమి కింద పది అంతస్తుల చిక్కుదారి. నక్షా ఆడేవాడే గళ్ల కాగితం మీద గీసుకోవాలి. మంత్రం పేరు ఒక్క అక్షరం తప్పకుండా కీబోర్డు మీద కొట్టాలి. వారాలపాటు పెంచుకున్న మనిషి చచ్చి, బతికించే ప్రయత్నం కూడా ఫెయిలైతే బూడిదవుతాడు. అక్కడా తప్పితే ఇక ఎప్పటికీ లేడు. ఖరీదైన కంప్యూటర్, ఇంగ్లీషు, బోలెడంత ఓపిక ఉన్న పెద్దవాళ్ల షౌక్ అది.

దాన్ని మామూలు ఇంటి పిల్లల ముందుకు తెచ్చినవాడు యూజీ హోరీ. నాకు అన్నిటికంటే ఖుషీ కలిగించిన సంగతి, ఆయన మన బిరాదరీ మనిషే. అంటే కలం కూలీ. 1954లో అవాజీ దీవిలో పుట్టాడు. వసేదా యూనివర్సిటీలో చదివాడు. బొమ్మల కథల రచయిత కావాలన్నది చిన్ననాటి ఖ్వాహిష్. అది కుదరక పత్రికలకు రాసుకుంటూ బతికాడు. కంప్యూటర్ కొనుక్కుని ప్రోగ్రామింగ్ సొంతంగా నేర్చుకున్నాడు. ఎనిక్స్ అనే కంపెనీ గేముల పోటీ పెడితే దాని మీద పత్రికకు రాస్తూనే తానూ ఓ టెన్నిస్ ఆట తయారుచేసి పంపాడు. ఇనామ్ వచ్చింది. అదే పోటీలో ఇనామ్ గెలిచిన ఇంకో కుర్రాడు కోయిచి నకమురా. అప్పటికింకా హైస్కూలు విద్యార్థి. గెలిచినవాళ్లను 1983లో అమెరికాలో ఆపిల్ కంప్యూటర్ల మేళాకి తీసుకెళ్లారు. వీళ్లకి విజర్డ్రీ పరిచయమైంది అక్కడే. ఇద్దరికీ దాని పిచ్చి పట్టింది.

తర్వాత హోరీ ఓ హత్య కేసు ఆట చేశాడు. పేరు పోర్టోపియా. మొదట కంప్యూటర్ మీద వచ్చినప్పుడు ఆడేవాడు తన హుకుమ్‌ను మాటల్లో టైపు చేయాలి. ఏ మాట కొడితే ఆటకి అర్థమవుతుందో తెలియక సగంమంది అక్కడే ఆగిపోయేవాళ్లు. 1985లో దాన్ని ఫామికామ్‌కు మార్చాల్సి వచ్చింది. ఫామికామ్‌కి కీబోర్డు లేదు. చేతిలో నాలుగు దిక్కుల మీట, రెండు పెద్ద బటన్‌లు, రెండు చిన్నవి, అంతే. అందుకని చేయగల పనులన్నీ తెర మీదే ఓ జాబితాగా పెట్టారు. మాట్లాడు, వెతుకు, తీసుకో. కావలసిన దాని మీదికి పోయి నొక్కడమే. ఊహించి చచ్చే పని లేదు.

ఆ తరీఖానే డ్రాగన్ క్వెస్ట్‌కి పునాది. పై నుంచి చూసే దేశపటం అల్టిమా నుంచి తీసుకున్నారు. శత్రువు ఎదురుగా నిలబడే లడాయి విజర్డ్రీ నుంచి. ఆరుగురి దండుకి బదులు ఒకే ఒక్క వీరుడు, ఎదురుగా ఒకే ఒక్క శత్రువు. ప్రోగ్రామ్ పని నకమురా పెట్టిన చున్‌సాఫ్ట్ చేసింది. ప్రచురణ ఎనిక్స్‌ది.

కహానీ మన దాదీలు చెప్పేదే. అలెఫ్‌గార్డ్ అనే సల్తనత్. వెలుగునిచ్చే గోళాన్ని డ్రాగన్ల రాజు ఎత్తుకుపోయాడు. షెహజాదీని కూడా. లోటో అనే పురాతన వీరుడి వంశంవాడు ఒకడు బయలుదేరాలి. అలెఫ్‌గార్డ్ అనగానే నాకు అలిఫ్ గుర్తొచ్చింది. అది నా ఉర్దూ మీడియం చెవి చేసే పని, వాళ్ల ఉద్దేశం కాదులెండి.

ఇప్పుడు ఓ లెక్క చెబుతాను. ఆ క్యాసెట్‌లో మొత్తం జాగా 64 కిలోబైట్లు. కంప్యూటర్ తెలుగులో ఒక గుర్తును దాచడానికి సాధారణంగా మూడు బైట్లు వాడుతుంది. అంటే మీరిప్పుడు చదువుతున్న ఈ వ్యాసం ఒక్కటే ఆ క్యాసెట్‌ని చాలావరకు నింపేస్తుంది. వాళ్లు అంత జాగాలోనే ఓ దేశం, ఊళ్లు, గుహలు, రాక్షసులు, సంగీతం, ఊరి జనాల మాటలు, లడాయి లెక్కలు అన్నీ పట్టించారు.

ఎట్లా పట్టించారన్నది వింటే మన కాతిబ్‌లు 'వాహ్' అంటారు. జపాన్ రాతలో హిరగానా, కటకానా అని రెండు వరుసల హర్ఫ్‌లున్నాయి. వీటికి తోడు చైనా నుంచి వచ్చిన వేల గుర్తులు. ఆ గుర్తులు పెట్టే ప్రసక్తే లేదు. హిరగానా తప్పదు. ఇక కటకానా. విదేశీ పేర్లు, రాక్షసుల పేర్లు, మంత్రాలు రాసేది దానితోనే. ఒక్కో హర్ఫ్ బొమ్మకి జాగా ఖర్చవుతుంది. అందుకని మొత్తం కటకానాలోంచి 20 హర్ఫ్‌లు మాత్రం ఉంచుకున్నారు. ఆ 20లోనూ రెండు, హిరగానాలో అదే రూపంలో ఉంటాయి కాబట్టి ఉచితంగా వచ్చినవి.

ఇక ఆ ప్రపంచంలో ఏం ఉండాలన్నా ఆ 20 హర్ఫ్‌లతో రాయగలిగిందే ఉండాలి. స్లైమ్ అని ఓ జెల్లీ ముద్ద రాక్షసుడు. ఆ పేరు జపాన్ రాతలో సు, రా, ఇ, ము. నాలుగూ ఉన్నాయి కాబట్టి స్లైమ్ బతికింది. మంత్రాల పేర్లు చూడండి: హోయిమి, గిరా, రురా, రిరెమితో, బెహోయిమి. అవే రా, రి, రు, మి, హో మళ్లీ మళ్లీ తిరుగుతుంటాయి. మీరు 'కి' రాసి పక్కన రెండు చిన్న గీతలు పెడితే 'గి' అవుతుంది. 'హె' మీద పెడితే 'బె'. 'తో' మీద పెడితే 'దో'. ఆ రెండు గీతల బొమ్మ ఒక్కటే దాచుకుని, కావలసినప్పుడు హర్ఫ్ పై వరుసలో పెట్టేవాళ్లు. 'డ్రాగన్' అన్న పేరు కూడా అట్లా రాసిందే.

ఇది మనకు కొత్తా? ఒకే పళ్లెం లాంటి గీత. కింద ఒక నుఖ్తా పెడితే బే, మూడు పెడితే పే, పైన రెండు పెడితే తే. ఖుదా అన్న మాటలో పైనున్న నుఖ్తా కిందికి జారితే జుదా అవుతుందని మా ఉస్తాద్ సాబ్ బెత్తంతో చూపించి చెప్పేవారు. టోక్యోలో ఆ కుర్రాళ్లు క్యాసెట్‌లో జాగా కోసం రెండు గీతల్ని పొదుపు చేస్తున్న రోజుల్లోనే, మన దేశంలో ఎన్నో ఉర్దూ అఖ్బార్లని కాతిబ్‌లు చేత్తోనే రాస్తున్నారు.

ఇప్పుడు మా వాడి ఫోన్‌లో నేను చూసిన ఆ మొదటి గది దగ్గరికి వద్దాం.

ఆట మొదలవగానే మీరు బాద్షా దర్బారు గదిలో ఉంటారు. బయటికి దారి లేదు. దర్వాజాకు తాళం. గదిలో మూడు పెట్టెలు. ఒకదాంట్లో 120 బంగారు నాణేలు, ఒకదాంట్లో దివిటీ, ఒకదాంట్లో చాబీ. తెర మీద జాబితాలో మాట్లాడు, తీసుకో, తలుపు, మెట్లు, వెతుకు లాంటి ఎనిమిది హుకుమ్‌లు. బాద్షాతో మాట్లాడితే ఏం చేయాలో చెబుతాడు. పెట్టె దగ్గరికి పోయి 'తీసుకో' నొక్కితే చాబీ చేతికొస్తుంది. 'తలుపు' నొక్కితే దర్వాజా తెరుచుకుంటుంది. మెట్ల మీద నిలబడి 'మెట్లు' నొక్కితే కిందికి దిగుతారు. ఇంతే. ఈ నాలుగు పనులూ చేయకుండా ఎవరూ ఆ గది దాటలేరు. దాటినవాడికి ఆ ఆటలో ముందుముందు పడే పనుల్లో సగం అప్పటికే వచ్చేసి ఉంటాయి.

అక్కడ రాక్షసుడు లేడు. గడియారం లేదు. తప్పు నొక్కితే ఎవరూ నవ్వరు. చాబీ దాచిపెట్టి వెతకమనలేదు, గదిలోనే ఉంచారు. జపాన్‌లో లక్షలమంది పిల్లలకి అది జిందగీలో మొదటి రోల్ ప్లేయింగ్ గేమ్. వాళ్లకి సబక్ చెబుతున్నామని కూడా చెప్పకుండా సబక్ చెప్పారు.

గది దాటి కోట బయటికొస్తే ఇంకో కమాల్. ఎదురుగా, నీళ్లకి ఆవలి గట్టున, డ్రాగన్ల రాజు కోట కనిపిస్తుంది. మన్‌జిల్ మొదటి రోజే కళ్ల ముందు. కానీ నీళ్లు దాటడానికి వంతెన లేదు. ఆ నాలుగడుగుల దూరం పోవడానికి దేశమంతా చుట్టి రావాలి. మొదట్లో దొరికేది స్లైమ్. దాన్ని కొడితే ఒక్క పాయింటు తజుర్బా. ఏడు పాయింట్లయితే రెండో మెట్టు ఎక్కుతారు. మొత్తం మెట్లు 30. వేళ్లు చురుగ్గా లేనివాడు, ఆటల్లో ఎప్పుడూ ఓడేవాడు కూడా మెహనత్ చేస్తే ఎక్కగలడు. గెంతే ఆటల్లో ఆ బందోబస్తు లేదు. అక్కడ చేయి తిరిగినవాడిదే రాజ్యం.

చచ్చిపోతే ఏమవుతుందో మా వాడు చెప్పేశాడు. బాద్షా ముందు మళ్లీ కళ్లు తెరుస్తారు. ఆయన కాస్త చీవాట్లు పెడతాడు. చేతిలోని సొమ్ములో సగం పోతుంది. తజుర్బా మాత్రం ఒక్క పాయింటు కూడా తగ్గదు. నేర్చుకున్న మంత్రాలు నేర్చుకున్నట్టే ఉంటాయి. విజర్డ్రీలో బూడిదై పోయేవాడు ఇక్కడ దర్బారులో లేచి నిలబడుతున్నాడు. అట్లాగని ఓటమికి ఖీమత్ లేకుండా పోలేదు. సగం సొమ్ము పోతే పిల్లలకి నొప్పి తెలుస్తుంది. ఆ నొప్పి ఎంత ఉండాలో హోరీ కొలిచి పెట్టాడనిపిస్తుంది నాకు.

ఒక్క చోట మాత్రం ఆ ఆట నిజంగా కఠినం. అప్పటికి క్యాసెట్‌లో ఆటను దాచుకునే బ్యాటరీ లేదు. డబ్బా కట్టేస్తే అంతా పోతుంది. అందుకని బాద్షా దగ్గరికి పోతే ఆయన ఓ 20 హర్ఫ్‌ల వరుస చెబుతాడు. దాని పేరు 'మళ్లీ బతికించే మంత్రం'. ఆడేవాడి పేరు, తజుర్బా, సొమ్ము, సామాను అన్నీ ఆ 20 హర్ఫ్‌లలో లెక్కగా ముడేసి ఉంటాయి. వాటిని 5, 7, 5, 3 చొప్పున విడగొట్టి చూపించేవాళ్లు. మొదటి మూడూ జపాన్ హైకూ నడక. అర్థం లేకపోయినా నోటికి ఓ లయ దొరుకుతుంది. పిల్లలు దాన్ని నోట్‌బుక్కులో రాసుకోవాలి. మర్నాడు అదే వరుస ఎక్కిస్తే ఆట అక్కడి నుంచి లేస్తుంది.

ఒక్క హర్ఫ్ తప్పితే లేవదు. హిరగానాలో 'ను', 'మె' దాదాపు ఒకేలా ఉంటాయి. 'నె', 'రె', 'వా' కూడా. 'హ' పక్కన ఆ రెండు గీతలు రాయడం మరిస్తే 'బ' పోయినట్టే. పాత టీవీ తెర మీద మసకగా కనిపించే హర్ఫ్‌లు, నిద్ర ముంచుకొచ్చే కళ్లు, పెన్సిల్. మర్నాడు పొద్దున మంత్రం తప్పని తెర చెబితే ఆ పిల్లల గతి ఏమిటో ఆలోచించండి. తర్వాతి భాగంలో ఆ మంత్రం 52 హర్ఫ్‌ల దాకా పెరిగింది. ఆ తరం జపానీలకి ఆ నోట్‌బుక్కులు ఇప్పటికీ గుర్తు. ఇమ్లా రాసేటప్పుడు ఒక్క నుఖ్తా తప్పితే మొదటి నుంచీ రాయించిన ఉస్తాదుల చేతుల్లో పెరిగినవాణ్ణి కదా, ఆ పిల్లల బాధ నాకు బాగా తెలుస్తుంది.

ఆటకి మొహం ఇచ్చినవాడు అకిరా తోరియామా. డ్రాగన్ బాల్ బొమ్మల కథ గీసిన ఆయనే. హోరీ వీడియో గేముల శీర్షిక రాసే షోనెన్ జంప్ అనే వారపత్రికలోనే ఆయన కథలు వచ్చేవి. ఆ ఇద్దరినీ కలిపింది తోరియామా ఎడిటర్. హోరీ కాగితం మీద స్లైమ్‌ని ఓ కారిపోయిన ముద్దలా గీసి ఇస్తే తోరియామా దాన్ని కన్నీటి బొట్టు ఆకారానికి తెచ్చి, రెండు కళ్లూ ఓ నవ్వూ పెట్టాడు. పిల్లలు మొదట కలిసే దుష్మన్ నవ్వుతూ ఎదురొస్తుంది.

సంగీతం కోయిచి సుగియామాది. అప్పటికే టీవీ, సినిమా పాటల్లో పేరున్న మనిషి. 1931లో పుట్టాడు. 55 ఏళ్ల వయసు. ఎనిక్స్ వాళ్ల చదరంగం లాంటి ఆట ఒకటి ఆడి, డబ్బాలో వచ్చిన అభిప్రాయాల కార్డు నింపి పోస్టు చేశాడట. కార్డు మీద పేరు చూసి కంపెనీవాళ్లు ఉలిక్కిపడ్డారు. అంత పెద్దాయన మన ఆటలాడుతున్నాడా అని వెతుక్కుంటూ వెళ్లి పట్టుకున్నారు. ఫామికామ్‌లో ఒకేసారి పలికే సురులు మూడు, అవి గాక చప్పుడు కోసం ఇంకొకటి. ఆ మూడింటితోనే ఆయన దర్బారు సంగీతం కట్టాడు. 2021 జులై 23న టోక్యో ఒలింపిక్స్ ప్రారంభంలో దేశాల జట్ల ఊరేగింపు మొదలైంది ఈ ఆట సంగీతంతోనే. ఆ రోజు మనలో చాలామంది టీవీ ముందు కూర్చుని విన్నాం. అది పిల్లల ఆటలోదని మనకు ఎవరూ చెప్పలేదు. ఆ ఏడాదే సెప్టెంబర్‌లో సుగియామా పోయారు. తోరియామా 2024 మార్చిలో పోయారు.

ఇంతా చేస్తే ఆట బజారులోకి వచ్చిన మొదటి రోజుల్లో పెద్దగా కదల్లేదు. అదేం ఆటో జనానికి తెలియదు. షోనెన్ జంప్ పేజీల్లో హోరీ దాన్ని ఎట్లా ఆడాలో విడమరచి రాస్తూ పోయాడు. బళ్లో ఒకడికొకడు చెప్పుకున్నారు. ఏ గుహలో ఏముంది, ఏ ఊళ్లో ఎవరితో మాట్లాడాలి. మెల్లగా అమ్మకాలు సుమారు 15 లక్షలకు చేరాయి. రెండో భాగం 1987 జనవరిలో వచ్చింది. మూడోది 1988 ఫిబ్రవరి 10, బుధవారం. దుకాణాల ముందు రాత్రి నుంచే క్యూలు. మొదటి రోజే పది లక్షలకు పైగా అమ్ముడైంది. బడి ఎగ్గొట్టి క్యూలో నిలబడిన దాదాపు 300 మంది పిల్లల్ని పోలీసులు పట్టుకున్నారు. ఆ తర్వాత కంపెనీ ఈ ఆటల్ని సెలవు రోజుల్లో విడుదల చేయడం మొదలుపెట్టింది. ప్రభుత్వం చట్టం చేసిందని చెప్పుకునేది వట్టి అఫ్వా. చట్టమేదీ లేదు.

ఫైనల్ ఫాంటసీ, ఫాంటసీ స్టార్ రెండూ 1987 డిసెంబర్‌లో వచ్చాయి. మన పిల్లలు కార్టూన్లలో చూసే పోకెమాన్ మొదట 1996లో ఇలాంటి ఆటగానే పుట్టింది. అన్నీ డ్రాగన్ క్వెస్ట్ పరిచిన బాట మీద నడిచినవే.

అమెరికా సంగతి వేరుగా నడిచింది. అక్కడికి అది 1989లో, మూడేళ్లు ఆలస్యంగా, డ్రాగన్ వారియర్ అనే పేరుతో చేరింది. ఆ పాత పేరు అక్కడ వేరే ఆటకి ఉంది. క్యాసెట్‌లో బ్యాటరీ పెట్టారు, మంత్రం రాసుకునే బాధ తప్పింది. కానీ తర్జుమా చేసినవాళ్లు ఊరి జనాల మాటల్ని నాలుగు వందల ఏళ్ల నాటి ఇంగ్లీషులోకి దించారు. జపాన్‌లో హోరీ రాసింది పిల్లలు ఇంట్లో మాట్లాడుకునే భాష. అక్కడ అనుకున్నంత అమ్ముడుపోలేదు. నింటెండో తన పత్రికకి చందా కట్టినవాళ్లకి ఆ ఆటను ఉచితంగా పంచింది. తర్జుమాలో ఖజానా మొత్తం పట్టుకుపోయి, చాబీని పాత భాష కింద దాచారా అనిపిస్తుంది నాకు. అదొక్కటే కారణమని అనను.

ఆట చివర్లో డ్రాగన్ల రాజు ఓ బేరం పెడతాడు. నాతో కలిస్తే ప్రపంచంలో సగం నీకిస్తానంటాడు. ఒప్పుకుంటే అంతటితో కహానీ ఖతం. ఆ జపాన్ ఆటలో అక్కడ కూడా ఓ మంత్రం చెబుతాడు. దాన్ని రాసుకుని మర్నాడు ఎక్కిస్తే మీ తజుర్బా అంతా సున్నా. మొదటి మెట్టు మీద, ఖాళీ చేతులతో లేస్తారు. గమనించారా? ఓడిపోతే తజుర్బా పోదు. అమ్ముడుపోతే పోతుంది.

మిద్దె మీద కూర్చుని ఇదంతా చదువుతుంటే నాకు నా డిగ్రీ మొదటి ఏడాది గుర్తొచ్చింది.

పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. ఇంట్లో తెలుగు, ఉర్దూ కలగలిపి మాట్లాడేవాళ్లం. తెలుగు మీద షౌక్‌తో డిగ్రీలో తెలుగు సాహిత్యం తీసుకున్నాను. ఓ రోజు లెక్చరర్ నన్ను లేపి, పద్య పాదానికి గణ విభజన చేయమన్నారు. బోర్డు ముందు నిలబడ్డాను. గురువు, లఘువు, యమాతారాజభానస, ఏదీ రాదు. "నువ్వు ఈ క్లాసులోకి ఎట్లా వచ్చావయ్యా?" అన్నారాయన. క్లాసంతా నవ్వింది. మర్నాటి నుంచి వారం రోజులు కాలేజీకి పోలేదు. పోతున్నానని ఇంట్లో అబద్ధం చెప్పి తుంగభద్ర గట్టున కూర్చున్నాను. మా వాడు పేపరు నాలుగు మడతలు పెట్టి దాచాడంటే, నేను మొత్తం మనిషినే దాచుకున్నాను.

హాస్టల్లో ఉండే ఓ దోస్తు వెతుక్కుంటూ వచ్చాడు. పుస్తకం తెరవలేదు. "మీ ముషాయిరాల్లో షేర్ చదివేటప్పుడు తాళం తప్పితే నీకు తెలుస్తుందా?" అని అడిగాడు. తెలుస్తుందన్నాను. మా దాదా షాయరీ వింటూ పెరిగినవాణ్ణి, బహర్ తప్పితే చెవికి గుచ్చుకుంటుంది. "అయితే నీకు ఛందస్సు వచ్చినట్టే" అన్నాడు. నది గట్టు మీద చప్పట్లు కొడుతూ పొడుగు చప్పుడు గురువు, పొట్టి చప్పుడు లఘువు అని చూపించాడు. అరగంట పట్టింది. చాబీ నా జేబులోనే ఉందని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

ఆ గట్టే నాకు మొదటి గది. దొరక్కపోయి ఉంటే ఈ తెలుగు రాసేవాణ్ణి కాదు. నాతో చదివి, ఉర్దూ మీడియం నుంచి తెలుగులోకో ఇంగ్లీషులోకో అడుగు పెట్టి, అట్లాంటి గట్టు దొరక్క ఆగిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో నాకంటే జహీన్‌లు ఉన్నారు. వాళ్లని మొదటి గదిలో కూర్చోబెట్టకుండా నేరుగా రాక్షసుడి ముందు నిలబెట్టారు. ఓడారు. ఓడినప్పుడు, అప్పటిదాకా నేర్చుకున్నది కూడా నేర్చుకోనట్టే లెక్క వేశారు.

ఆ రాత్రి కిందికి దిగేసరికి చిన్నోడు ఇంకా మేలుకునే ఉన్నాడు. గోడవైపు తిరిగి పడుకుని నిద్ర నటిస్తున్నాడు. ఫోన్ వాడి తల పక్కన పెట్టాను.

"నీ సిపాయి ఎన్నో మెట్టు మీదున్నాడు?" అన్నాను.

"తొమ్మిది" అన్నాడు, తిరగకుండానే.

"లెక్కల పేపరు తీసుకురా. ఎక్కడ చచ్చావో చూద్దాం."

మొదటి తప్పు మూడో లెక్కలో ఉంది. బీజగణితం. గుర్తు అటు నుంచి ఇటు వచ్చేటప్పుడు ప్లస్సు మైనస్సు కావాలి, వాడు మార్చలేదు. అక్కడి నుంచి కింద ఉన్నవన్నీ ఆ ఒక్క గుర్తు వల్లే పోయాయి. మూడో లెక్క దాకా వాడికి అంతా వచ్చు. ఒక్క నుఖ్తా లాంటిది తప్పింది. నేను వాడికి ఖుదా, జుదా రాసి చూపించాను. ఇంగ్లీషు మీడియం వాడు కదా, ఉర్దూ హర్ఫ్‌లు కూడబలుక్కుంటూ చదివాడు. నవ్వాడు.

జుర్మానా మాత్రం వేశాను. ఫోన్ ఇక ఆదివారాలే. సగం సొమ్ము పోవాలి కదా మరి. వాడు ఒప్పుకున్నాడు. రేపు సాయంత్రం నాలుగో లెక్క నుంచి మొదలు.